దిష్టి తగలని ప్రొఫైల్

ఉద్యోగం వెతుక్కుంటున్నానని ఎవరికీ తెలియకుండా ఉద్యోగం వెతుక్కోవాలి. ఇది మా అమ్మ పెట్టిన షరతు. కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఒక బేస్‌మెంట్ గదిలో మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, నేను ఈ షరతును ఎంత నిష్ఠగా పాటించానంటే, అదే నిష్ఠ ఏ నోముకో పెట్టి ఉంటే దేవుడు స్వయంగా వచ్చి ఆఫర్ లెటర్ ఇచ్చి వెళ్లేవాడు.

అమ్మనని ఏం లాభం? కెనడా వీసాకి అప్లై చేసిన మర్నాడే ఆవిడ సంతోషం పట్టలేక వీధి చివర టైలరమ్మ దాకా చెప్పుకొచ్చింది. వీసా రిజెక్ట్ అయింది. ఏ కాగితం తక్కువైందో వాళ్లు రాసి మరీ పంపారు. అమ్మ ఆ ఉత్తరం వైపు కన్నెత్తి చూడలేదు. "ఎదురింటావిడ 'అయితే అమ్మాయి విమానం ఎక్కేస్తోందన్నమాట' అని అదోలా చూసింది. నేనప్పుడే అనుకున్నా" అంది. రెండోసారి గుట్టుగా అప్లై చేశాం, వచ్చింది. ఇంకేముంది, ఆవిడ సిద్ధాంతానికి తిరుగు లేకుండా పోయింది. నేను బయల్దేరిన రోజు కూడా పక్కింటివాళ్లతో "అన్నవరం వెళ్లొస్తాం" అని చెప్పింది. రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక చలికోటు వేసుకుని అన్నవరం! వాళ్లు నమ్మినట్టే తలూపారు పాపం.

కేంబ్రిడ్జ్‌లో నేను రెండేళ్లు సప్లై చెయిన్ చదివాను. సరుకు ఎక్కడి నుంచి బయల్దేరి ఎక్కడికి ఎప్పుడు చేరాలో ప్లాన్ చేసే చదువు. చదివాక చేస్తున్నది మాత్రం ఒక వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలకు స్కానర్ చూపించే పని. నాకు పీఆర్, అంటే ఇక్కడే ఉండిపోయే హక్కు, కావాలంటే వర్క్ పర్మిట్ అయిపోయేలోపు చదువుకు తగ్గ ఉద్యోగం ఏడాది పాటు చేసి ఉండాలి. అట్టపెట్టెల పని అందులోకి రాదు. పర్మిట్‌లో మిగిలింది పదహారు నెలలు. అంటే నాలుగు నెలల్లో సరైన ఉద్యోగం దొరికితే ఇక్కడ, దొరక్కపోతే ఇంటికి.

దొరకడం అంత తేలికా? ఆ రోజుల్లో ఊళ్లో ఏ బస్సెక్కినా మా కాలేజీ బ్యాగులే. ఒక కిరాణా స్టోర్ వాళ్లు ఇద్దరు కావాలని బోర్డు పెడితే, మనవాళ్లూ పంజాబీలూ గుజరాతీలూ కలిసి పార్కింగ్ లాట్ చివరిదాకా క్యూ కట్టారు. నేను ఆన్‌లైన్‌లో అప్లై చేస్తూనే ఉన్నాను. "మీ అనుభవం మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది, కానీ" అని మూడు నిమిషాల్లో జవాబు వచ్చేది. మూడు నిమిషాల్లో ఏం ఆకట్టుకుందో, నా మొహం! అలాంటివి చదివి చదివి ఒకరోజు లాప్‌టాప్‌ని తిట్టిన తిట్టు మళ్లీ తిట్టకుండా తిట్టాను. పక్క మంచం మీద కడప పిల్ల పడీ పడీ నవ్వింది.

కడప పిల్ల అంటే నా రూమ్మేట్. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఒకే నెలలో అయిపోయే పర్మిట్. చదువులో నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. తను ఊరి చివర ఒక పెద్ద బేకరీలో బ్రెడ్డు ప్యాక్ చేసే పనికి వెళ్లేది. పొద్దున్నే ఇద్దరం అన్నం డబ్బాలు కట్టుకుని కలిసే బయల్దేరేవాళ్లం.

చివరికి కాలేజీలో కెరీర్ సలహాలిచ్చే ఆవిడ దగ్గరికి వెళ్లాను. అరవైకి దగ్గర పడిన తెల్లావిడ, కళ్లద్దాలు ఎప్పుడూ ముక్కు చివరే ఉండేవి. ఉద్యోగాల నెట్‌వర్క్ సైటులో నా ప్రొఫైల్ తెరిచి చాలాసేపు చూసింది. ఫోటో ఉండాల్సిన చోట మా ఇంటి మందారపువ్వు ఉంది. పేరులో సగం అక్షరాలు చుక్కలు. పరిచయాలు పదకొండు. "ఈ పువ్వుకి ఉద్యోగం ఇప్పించడం నా వల్ల కాదు" అంది.

తర్వాత చెప్పిన మాటలు వింటే మా అమ్మ అక్కడికక్కడే మూర్ఛపోయేది. మొహం కనిపించే ఫోటో పెట్టాలట. ఉద్యోగం కావాలని నలుగురికీ తెలిసేలా ఆ ఫోటో చుట్టూ ఆకుపచ్చ చక్రం పెట్టాలట. రోజుకి ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్లకి మెసేజ్ పెట్టి, ఒక పావుగంట మాట్లాడతారా అని అడగాలట. పనిలో చూసిన విషయం ఏదైనా వారానికొకటి అక్కడ రాయాలట. "నువ్వు వెతుకుతున్నట్టు తెలియకపోతే నీకు ఎవరు చెప్తారు?" అంది. నిజమే. నిజమే కానీ, పని లేదని పలక రాయించుకుని మెళ్లో వేసుకు తిరగమంటుందేమిటి ఈవిడ!

ఆలోచించి ఆలోచించి ఒక మధ్యేమార్గం కనిపెట్టాను. అప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను, ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. చక్రం పెడతాను, కానీ తెలుగువాళ్లకి కనపడనివ్వను. తెల్లవాళ్లకి దిష్టి పెట్టడం రాదు కదా!

ఒక ఆదివారం మధ్యాహ్నం పప్పన్నం తిని కూర్చున్నాను. 'మీకు తెలిసినవాళ్లేమో' అని సైటు చూపించే జాబితా తెరిచి, తెలుగు ఇంటిపేరు కనిపిస్తే చాలు, బ్లాక్. ఇక వాళ్లకి నేను కనపడను, నాకు వాళ్లు కనపడరు. పెద్దమ్మ ఆడపడుచు కొడుకు, బ్లాక్. ఇంజినీరింగ్ క్లాస్‌మేట్లు మూకుమ్మడిగా బ్లాక్. నేనెప్పుడూ చూడని ఎడ్మంటన్ అంకుల్ ఒకాయన, పాపం ఏం చేశాడో, బ్లాక్. మిస్సిసాగాలో ఉన్న ఒకావిడ మెరూన్ అంచున్న ఆకుపచ్చ పట్టుచీరలో దర్జాగా నవ్వుతోంది. ఇంత మంచి చీర కట్టుకున్న మనిషికి మా పిన్ని తెలియకుండా ఉంటుందా అనిపించింది. ఆవిడనీ బ్లాక్ చేశాను.

"ఏం మే, కెనడాలో ఉండే తెలుగోళ్లనందర్నీ లేపేస్తావా ఏంది?" అంది కడప పిల్ల.

"నీకేం తెలుసు, నా పర్మిట్ విషయం."

"నాకు లేదా పర్మిట్టు? మరి నన్ను చేయలేదే?"

"నిన్ను బ్లాక్ చేసి ఏం లాభం, నిద్రలో నా గురక కూడా తెలుసు నీకు" అన్నాను. నూట పన్నెండు మంది అయ్యేసరికి సాయంత్రమైంది. చేతులు దులుపుకుని, పేరులో చుక్కలు తీసి పూర్తిగా రాసి, మందారపువ్వు తీసేసి నా మొహం పెట్టి, చుట్టూ ఆకుపచ్చ చక్రం తగిలించాను. నేను దిష్టీగిష్టీ నమ్మను. అయినా ఎందుకొచ్చిన గొడవ!

ఇక మెసేజ్‌ల సంగతి. నా మొదటి మెసేజ్ నిడివి ఒక పేజీన్నర. గౌరవనీయులైన సర్ అని మొదలుపెట్టి, వారి ఆరోగ్యం విచారించి, వారి విలువైన సమయానికి మూడుసార్లు క్షమాపణ చెప్పి, నా మార్కులన్నీ రాసి, ఏదైనా ఉద్యోగం ఉంటే దయచేసి ఇప్పించగలరని ముగించాను. కెరీర్ ఆఫీసావిడ చదివి కళ్లద్దాలు తీసింది. "ఈయన ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగింది. ఒళ్లు మండిపోయింది కానీ నవ్వూ ఆగలేదు. నాలుగే వాక్యాలు రాయమంది. ఉద్యోగం అడగొద్దంది. ఆ మనిషి చేసే పని గురించి నిజంగా నీకు తెలుసుకోవాలని ఉన్న ప్రశ్న ఒక్కటి అడగమంది.

ఆ ఒక్క ప్రశ్న తట్టడానికి ఒక్కోసారి గంట పట్టేది. పక్క ఊరు గ్వెల్ఫ్‌లో జీవితమంతా లారీలు పంపిన ఒక పెద్దాయనకి ఇలా రాశాను: "బయట మైనస్ ఇరవై ఉన్నప్పుడు మందుల లారీ దారిలో ఆగిపోతే, మీరు మొదటి ఫోన్ ఎవరికి చేస్తారు?" మర్నాడు నా బ్రేక్‌లో ఆయనే ఫోన్ చేశాడు. ఇన్నేళ్లలో తనని ఎవరూ ఈ మాట అడగలేదన్నాడు. పావుగంట మాట్లాడతానన్న మనిషి నా బ్రేక్ మొత్తం మింగేశాడు. సూపర్‌వైజర్ వచ్చి గుడ్లురిమితే తప్ప ఫోన్ పెట్టేయలేదు. ఆ తర్వాత ప్రతి వారం మాట్లాడుకునేవాళ్లం. ఆయన దగ్గర నేర్చుకున్నంత రెండేళ్ల క్లాసుల్లో నేర్చుకోలేదంటే అతిశయోక్తి కాదు.

గురువారం గురువారం పోస్ట్ రాయడం కూడా మొదలుపెట్టాను. కంపెనీ పేరు రాకుండా, చూసింది చూసినట్టు. ఫ్రిజ్ లారీ అంటే సరుకుని చల్లబెట్టేదనుకుని వచ్చాను, తీరా జనవరిలో ఇక్కడ అదే లారీ సరుకు గడ్డకట్టకుండా వెచ్చగా ఉంచుతోందని రాశాను. ఎవరెవరో బాగుందన్నారు. ఒక లారీ డ్రైవర్ అయితే తన కథ మొత్తం కింద రాశాడు. నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. పక్క మంచం వైపు తిరిగి "చూశావా, చూశావా" అని ఫోన్ చూపించేదాన్ని. మొదట్లో కడప పిల్ల ప్రతిదానికీ లైక్ కొట్టేది. జనవరి సగమయ్యాక అది కూడా మానేసింది. మహాతల్లికి ఒక లైక్ కొట్టడానికి కూడా చేతులు రావడం లేదని లోపల సణుక్కున్నాను.

ఫిబ్రవరిలో పెద్దాయన ఒక కబురు చెప్పాడు. మిస్సిసాగాలో ఎయిర్‌పోర్ట్ దగ్గర మందులు సరఫరా చేసే కంపెనీలో ప్లానర్ ఉద్యోగం ఉందట. అక్కడ మేనేజర్ ఆయనకి బాగా తెలుసు. ఇంటర్వ్యూకి పిలిచేవాళ్ల జాబితా ఆవిడ శుక్రవారానికి ముగించేస్తుంది, నా ప్రొఫైల్ లింక్ తనే పంపుతానన్నాడు. నా చేతిలో అప్పటికి మిగిలింది మూడు వారాలు. ఆలోపు చేరితే సరిగ్గా ఏడాది వస్తుంది. రెండు రోజులు అన్నం సహించలేదు.

బుధవారం బ్రేక్‌లో ఆయన ఫోన్. గొంతులో ఎప్పటి నవ్వు లేదు. "ఆవిడకి నీ లింక్ పంపాను. అక్కడ ఎవరూ లేరంటోంది. నీ పేరు వెతికినా రావడం లేదట. దొంగ ప్రొఫైల్‌ని సిఫారసు చేస్తున్నావా అని నన్ను అడిగింది. అసలు నువ్వు ఎవరు?" అన్నాడు. నేను నేనే అని ప్రమాణం చేసి చెప్పి, ఆవిడ పేరు అడిగాను. చెప్పాడు. నిక్షేపమైన తెలుగు ఇంటిపేరు. సైటులో వెతికాను, నాకూ ఎవరూ లేరనే వచ్చింది. అప్పుడు వెలిగింది. ఓరి నాయనో, పట్టుచీర!

బ్లాక్ లిస్ట్ తెరిచాను. నూట పన్నెండు మందిలో మధ్యలో ఎక్కడో అదే ఆకుపచ్చ చీర, అదే నవ్వు. కెనడాలో నాకు ఉద్యోగం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న ఒకే ఒక్క మనిషిని నా చేతులతో నేనే తలుపు వేసి బయట నిలబెట్టాను. అట్టపెట్టెల మధ్య కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఎవరిమీద కోపమో తెలియదు. అమ్మ మీద, ఎదురింటావిడ మీద, అందరికంటే ఎక్కువ నా మీద.

కడప పిల్లకి ఫోన్ చేశాను. బేకరీలో ఫోన్ పట్టుకోనివ్వరు, అయినా మొదటి రింగుకే ఎత్తింది.

"టెక్నికల్ ప్రాబ్లం అని చెప్పు మే. సైటు మీద తోసేయ్. ఎవురికి తెలుస్తాది?"

నాకూ అదే బాగుందనిపించింది. ఆవిడని అన్‌బ్లాక్ చేసి, టెక్నికల్ అని టైప్ కూడా చేశాను. కానీ ఆవిడ తెలుగావిడ. ఏ టెక్నికల్ ప్రాబ్లమైనా తెలుగువాళ్లకి మాత్రమే ఎందుకు వస్తుంది? ఆవిడ అబద్ధం పట్టుకుంటే పెద్దాయన మాటకున్న విలువ కూడా పోతుంది. మొత్తం చెరిపేసి తెలుగులో రాశాను. "మేడమ్, నేను నిజంగానే ఉన్నాను. ఉద్యోగం వెతుకుతున్నట్టు తెలిస్తే దిష్టి తగులుతుందని మా అమ్మ భయం. అందుకని కనిపించిన తెలుగువాళ్లందర్నీ బ్లాక్ చేశాను. మీ చీర చూసి మిమ్మల్ని కూడా చేశాను. ఆయన తప్పేమీ లేదు. నన్ను క్షమించండి." పంపాక ఫోన్ వైపు చూడలేక స్కానర్ పట్టుకుని వెళ్లిపోయాను.

షిఫ్ట్ అయ్యేసరికి జవాబు ఉంది. "శుక్రవారం పది గంటలకి వీడియో ఇంటర్వ్యూ. నా చీర నీకేం అపకారం చేసిందో కూడా అక్కడ చెప్పాలి. ఈలోగా మళ్లీ బ్లాక్ చేయకు." బస్‌స్టాప్‌లో అందరూ చూస్తుండగా పగలబడి నవ్వాను, ఏడుపు కూడా కలిసే వచ్చింది.

ఇంటర్వ్యూలో చీర ఊసు ఎత్తలేదు. వెచ్చని లారీ మీద నేను రాసిన పోస్ట్ తెరిచి, అందులో ఒక ముక్క తప్పంది. కాదన్నాను. అవునంది. నాకు కోపం ఆగదు కదా, కాగితం మీద బొమ్మ గీసి కెమెరాకి చూపించి మరీ వాదించాను. వాదన సగందాకా వచ్చాక తెలిసింది, ఆవిడదే రైటు. "అవును, మీరన్నదే కరెక్ట్" అని కాగితం దించేశాను. పక్కనున్న ఇంకో మేనేజర్ నవ్వు దాచుకోవడానికి నీళ్లు తాగాడు. మంగళవారం ఆఫర్ లెటర్ వచ్చింది.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. చీర కొంగుతో కళ్లొత్తుకుని, "చేరేదాకా ఎవరికీ చెప్పకు" అంది.

మేడమ్ కూడా అదే రోజు ఫోన్ చేసింది. "అమ్మా, ఇంకో ప్లానర్ పోస్ట్ కూడా అప్రూవ్ అయింది. బయట పెడితే వేలమంది మీద పడతారు. మీ క్లాస్‌లో బాగా చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఈరోజే లింక్ పంపు, రేపు మాట్లాడతా" అంది. ఆలోచించే పనే లేదు, కడప పిల్ల! బస్సులోనే సైటు తెరిచి పేరు కొట్టాను. రాలేదు. స్పెల్లింగ్ మార్చి కొట్టాను. ఎవరూ లేరంది. ఆ మాట నాకు బాగా తెలిసిన మాటే.

ఇంటికెళ్లేసరికి తను ఉల్లిపాయలు వేయిస్తోంది. బూట్లు కూడా విప్పకుండా అడిగాను.

"నీ ప్రొఫైల్ కనపడటం లేదేంటే?"

గరిట ఆగింది. "నిన్ను బ్లాక్ చేసినా."

"నన్నా?" ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు భగ్గుమంది. "నా దిష్టి తగులుతుందనా? ఒకే కంచంలో తింటున్నాం కదే! ఇన్నాళ్లు ఒక గదిలో పడుకుని, నా కళ్లే దొరికాయా నీకు?"

"నీ దిష్టి కాదు మే," అంది పొయ్యి కట్టేస్తూ. "నాది."

డిసెంబర్ చివర్లో బేకరీ పని పోయిందట. అప్పటినుంచి రోజూ పొద్దున నాతోపాటే డబ్బా కట్టుకుని బయల్దేరి లైబ్రరీకి వెళ్లి కూర్చునేదట. అక్కడే అప్లికేషన్లు, అక్కడే అన్నం. నా పక్కనే నడిచి వెళ్లిన మనిషి ఎటు వెళ్తోందో నేను ఒక్కరోజు అడగలేదు.

"నీ పోస్టుకి వాళ్లూ వీళ్లూ బాగుందని రాస్తాంటే నాకు కడుపులో మండేది," అంది నా మొహం చూడకుండా. "పైకి నవ్వేదాన్ని. లోపల మండేది. నీ తప్పేం లేదు. నా కన్నే నీకు తగుల్తాదేమోనని భయమేసింది. కనపడకుంటే తగలదు గదా అని బ్లాక్ చేసినా."

తిట్టడానికి నోరు తెరిచి ఏడ్చాను. తనూ ఏడ్చింది. కాసేపటికి తన ఫోన్ లాక్కుని బ్లాక్ లిస్ట్ తెరిచాను. అందులో ఒక్కటే పేరు ఉంది.

"ముందు ఇది తియ్యి. మేడమ్‌కి ఈరోజే లింక్ పంపాలి," అన్నాను. తీసింది. వంటింటి నేల మీద పక్కపక్కన కూర్చుని తన ప్రొఫైల్ మొదటినుంచి చివరిదాకా చదివాను. నాకు రాని సాఫ్ట్‌వేర్‌లు మూడు నేర్చుకుంది, ఆ లైబ్రరీలో కూర్చుని. లింక్ కింద మేడమ్‌కి ఒక వాక్యం రాశాను: "ఈ అమ్మాయి నాకంటే బాగా చేస్తుంది." అబద్ధం చెప్పను, ఆ వాక్యం రాస్తుంటే నాకు కూడా కడుపులో కాస్త మండింది. మండుతుండగానే పంపేశాను.